చెంచా చప్పుడు

ఆ ఏడు మా ఊళ్ళో జనం వానకంటే ఎక్కువగా శుక్రవారం కోసం ఎదురుచూశారు. మా ఊరు అంటున్నాను గానీ అప్పటికి అది మా అక్క కామాక్షి అత్తగారి ఊరు. మైపాడుకు పోయే దారిలో, గాలి ఇటు తిరిగితే సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉంటుంది. నాయుడుపేట దగ్గర మా పుట్టింటికి బావ రంగనాయకులు ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వచ్చి, "కామాక్షికి ఒంట్లో బాగలేదు, వరి నాటు అయ్యేదాకా ప్రమీలను పంపండి" అని అడిగాడు. మా నాన్న సరేనన్నాడు. నన్నెవరూ అడగలేదు. నాటు అయ్యేదాకా అనే నేనూ బయల్దేరాను. ముప్పై ఏళ్ళు దాటింది, ఇంకా ఇక్కడే ఉన్నాను.

వచ్చేసరికి అక్కను వీధివైపు గదిలో విడిగా పడుకోబెట్టి ఉన్నారు. వేరే కంచం, వేరే గ్లాసు, మంచం కింద ఉమ్మడానికి బూడిద పోసిన మూకుడు. నాలుగేళ్ళ శేషు గుమ్మం దగ్గరే నిలబడి తల్లితో మాట్లాడుతోంది, లోపలికి పోనివ్వరట. అక్క ముఖం సగమైపోయింది. నేను వచ్చిన పని ఏమిటో ఆ మూకుడు చూడగానే నాకు తెలిసిపోయింది.

అక్క అత్తగారు ఆదిశేషమ్మను నేను కూడా అత్తా అనే పిలిచేదాన్ని. ఆమె నన్ను దొడ్లోకి తీసుకుపోయి గొంతు తగ్గించి చెప్పింది.

"దానికొచ్చిందేందో నీకు అర్థమయ్యే ఉంటది. ఆ పేరు మాత్రం ఈ ఇంట్లో నోటెంట రాకూడదు. కూలోళ్ళకి తెలిసిందంటే మన గంజి గూడా ముట్టరు. నాటు ఆగిపోద్ది."

"అక్కకి తెలుసా అత్తా?"

"తెలవదు. తెలవనియ్యబాక. టీబీ అని తెలిస్తే దిగులుతోనే పోద్ది. ఒట్టి నీరసమని చెప్పినాం. సూది బలానికని చెప్పినాం. పొడి పాలల్లో కలిపి ఇయ్యి. చక్కెర బాగా ఎయ్యి."

సూది వేసేది రెబెక్కమ్మ. నెల్లూరు ఆసుపత్రిలో నర్సుగా చేసి, పని మానుకుని మా పక్క ఊళ్ళో ఉంటున్న మనిషి. ఆమే నెల్లూరు నుంచి మందు తెచ్చిచ్చేది. ఒక డబ్బా నిండా తెల్ల పొడి. వేలితో అద్దుకుని నాలుక మీద వేసుకుంటే చెవుల దాకా చేదు ఎక్కింది. "పొద్దున, సాయంత్రం, రెండు పూటలా పడాలమ్మా," అని రెబెక్కమ్మ నాకు మరీ మరీ చెప్పింది. "కొన్నాళ్ళు ఏసి కొన్నాళ్ళు మానితే ఇంక ఆ మందు పని చెయ్యదు. మనిషి దక్కదు. నీదే భారం." నేను తల ఊపాను. నా చేతిలో ఒక ప్రాణం ఉందని ఎవరైనా నాతో అనడం అదే మొదలు.

మొదట్లో అంతా బాగానే జరిగింది. అక్క పాలు ఒక గుక్క తాగి మొహం చిట్లించేది.

"ఏందే ఈ చేదు?"

"మీ ఆవు యాపాకు తినొస్తుండాది. దాన్నడుగు."

"మా అత్త మాదిరి మాట్లాడతావేందే," అని నవ్వి మిగతాది తాగేసేది. జ్వరం తగ్గుముఖం పట్టింది. దగ్గు కూడా కాస్త సర్దుకుంది. ఒక రోజు నేను దొడ్లోంచి వచ్చేసరికి లేచి కూర్చుని తల దువ్వుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. కిటికీ దగ్గరికి మంచం జరిపించుకుని వీధిలో పోయేవాళ్ళతో మాట్లాడటం కూడా మొదలుపెట్టింది. నాటు అయ్యేసరికి అక్క నడుస్తుంది, నేను ఇంటికి పోతాను అనుకున్నాను.

మా ఇంటికి ఎదురుగానే పంచాయితీ ఆఫీసు. ఆ ఏడే దానికి రేడియో ఇచ్చారు. పెట్టె ఆఫీసు గదిలో ఉంటుంది, బయట తాటిదుంగ మీద హారను కట్టి ఉంటుంది. దాని నోరు సరిగ్గా అక్క కిటికీకి ఎదురుగా ఉండేది. పెట్టె తాళం బడిపంతులు జ్ఞానప్రకాశం మాష్టారి దగ్గర. ఎరువుల సంగతి, పురుగు మందుల సంగతి వచ్చేటప్పుడు ఆ రేడియో కింద కుక్క తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఇంతలో శుక్రవారం సాయంత్రాల్లో, దీపాలు పెట్టే వేళకు ఒక నాటకం మొదలైంది. వారానికి ఇంత చొప్పున చెప్తారు. దానికి స్టేషను వాళ్ళు ఏం పేరు పెట్టారో గానీ మా ఊళ్ళో అందరూ మేడ నాటకం అనేవాళ్ళు.

సముద్రం ఒడ్డున ఒక పాత మేడ. అందులో ఏదో తెలియని నీరసంతో మంచం పట్టిన జమీందారిణి. ఆమెకు సాయంగా ఒక చెల్లెలు వస్తుంది, దూరపు చుట్టం. రోజూ సాయంత్రం మెట్లెక్కి పాలు తెస్తుంది. అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనడం, తర్వాత గాజు గ్లాసులో చెంచా తిరగడం. టింగు, టింగు, టింగు. ఆ చెంచా చప్పుడు వచ్చినప్పుడు వీధిలో కూర్చున్న జనమంతా ఊపిరి బిగబట్టేవాళ్ళు. సముద్రం ఒడ్డు పాలెం నుంచి చేపల గంపలతో వచ్చిన ఆడవాళ్ళు కూడా గంప దించుకుని విని పోయేవాళ్ళు.

రెండో వారమో మూడో వారమో జమీందారిణి అంది, పాలు చేదుగా ఉన్నాయని.

వీధిలో గొల్లుమన్నారు. నేను అక్క పక్కనే కూర్చుని ఆమె కాళ్ళు పడుతున్నాను. అక్క కూడా నవ్వింది.

"ఇనిందే? ఆమె పాలూ చేదేనంట."

"ఆమె ఆవు గూడా యాపాకు తినిందేమో."

ఈసారి అక్క నవ్వలేదు. కిటికీలోంచి ఆ హారను వంకే చూస్తూ ఉండిపోయింది.

అక్కను తప్పుపట్టలేను. ఆమెకు నిజం చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. నీరసమని చెప్తారు, బిడ్డను దగ్గరికి రానివ్వరు. బలానికి సూది అంటారు, బలం రాదు. పాలు చేదుగా ఉంటాయి, ఏమీ కలపలేదంటారు. ఇంటిల్లిపాదీ దాచిన సంగతికి అర్థం చెప్పింది ఆ హారను ఒక్కటే. దానికి తోడు అత్త ఒక రోజు అరుగు మీద పక్కింటామెతో అన్న మాట నా చెవినా పడింది, కిటికీ లోపల అక్క చెవినా పడింది. "ఏదన్నా జరగరానిది జరిగినా పిల్లకి పినతల్లి ఉండాదిలే," అంది అత్త. మా వైపు అక్క పోతే చెల్లెల్ని ఆ ఇంటికే ఇవ్వడం మామూలు. పిల్ల పరాయి చేతిలో పడకుండా ఉంటుందని. అత్త చెడ్డగా ఏమీ అనలేదు. ఊళ్ళో ఎవరైనా అనే మాటే అంది.

మర్నాడు నేను పాలు కలుపుతుంటే అక్క గదిలోంచి పిలిచింది.

"అంతసేపు ఏం తిప్పుతుండావే చెంచాతో? చక్కెర ఎప్పుడో కరిగిపోయి ఉంటది."

ఆ పూట నుంచి నేను చెంచా వాడటం మానేశాను. రెండు గిన్నెల్లో అటూ ఇటూ పోసి కలిపేదాన్ని. రెండు రోజులకు అక్క అదీ పట్టింది.

"ఇప్పుడు చప్పుడు గాకుండా కలుపుతుండావే," అంది.

నాకు ఒళ్ళు మండింది. "నీకేమన్నా పిచ్చా అక్కా? ఎవురో మద్రాసులో కూచోని చెప్పే కత ఇని నన్ను దొంగని చేస్తావా?"

"నేనేమీ అనలేదే. ముందు నువ్వు తాగు. తర్వాత నేను తాగతా."

"నా ఎంగిలి నువ్వు తాగతావా?"

"తాగతా."

ఏడుస్తూ ఒక గుక్క తాగాను. చేదు మొహంలో కనబడకూడదని పళ్ళు బిగించాను, అదీ చూసింది. తర్వాత నా చేతిలోంచి గ్లాసు తీసుకుని నెమ్మదిగా మొత్తం తాగింది. అట్లా కొన్నాళ్ళు గడిచింది. ఏ పూటకాపూట ముందు నేను, తర్వాత ఆమె. అవమానంగానే ఉండేది. అయినా మందు లోపలికి పోతోంది కదా, అదే చాలనుకున్నాను. బావకు చెప్తే నవ్వాడు.

"చెక్కపెట్టెలో మాటలకి భయపడే ఆడోళ్ళు మీరు. నాటు హడావుడిలో నేనుంటే నాకిదొకటా," అని చద్దెన్నం మూట తీసుకుని మడికి పోయాడు.

ఆ పై శుక్రవారం మేడ నాటకంలో జమీందారిణి కూడా అదే పని చేసింది. ముందు నువ్వు తాగమంది. ఆ చెల్లెలు గటగటా తాగేసింది. వీధిలో జనం హమ్మయ్య అనుకున్నారు. జమీందారిణి తాగి నిద్రపోయాక ఆ చెల్లెలు ఒక్కతే మెట్లు దిగుతూ తనలో తను చెప్పుకుంది, చిన్నప్పటి నుంచీ రోజుకింత విషం తిని తన ఒంటికి అలవాటు చేసుకున్నానని, ఇప్పుడు తననేమీ చేయదని. ఆ మాటకు వీధి వీధంతా చప్పుడు లేకుండా అయిపోయింది. అక్క నా వంక తిరిగి చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మర్నాటి నుంచి ముందు నువ్వు తాగు అనడం మానేసింది. "అక్కడ పెట్టిపో, ఆరినాక తాగతా," అనేది. నేను మళ్ళీ వచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉండేది. పోనీలే, నమ్మకం కుదిరింది అనుకున్నాను. నాకంటే వెర్రిది ఆ చుట్టుపక్కల వెతికినా దొరకదు.

నేను చేసిన ఇంకో ఘనకార్యం ఏమిటంటే, జ్ఞానప్రకాశం మాష్టారి దగ్గరికి పోవడం. బడి వదిలిపెట్టే వేళకు పోయి వాకిట్లో నిలబడ్డాను.

"ఆ హారను నోరు అటు తిప్పండి మాష్టారూ. మా అక్క ఆ నాటకం ఇని బెదిరిపోతుండాది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాటకం ఆపమంటే ఊరు నన్ను కొడతది గానీ, హారను తిప్పడానికేం తల్లీ," అని అప్పుడే వచ్చి, నిచ్చెన వేయించి దాన్ని చెరువు వైపుకి తిప్పించాడు. అక్క కిటికీలోంచి అంతా చూస్తోంది. నేను ఇంట్లోకి రాగానే అంది.

"నాకు ఇనపడకుండా తిప్పించినావా?"

"నీ మంచికేనక్కా."

"ఆమె గూడా అదే అంటది గదే, మేడలో. నీ మంచికేనక్కా అని."

గోడకు తల కొట్టుకుందామనిపించింది. ఏం చేసినా, ఏం మాట్లాడినా అది అంతకుముందే ఆ నాటకంలో ఉండేది.

జ్వరం మళ్ళీ మొదలైంది. దగ్గు ఎక్కువైంది. రెబెక్కమ్మ సూది వేసి బయటికొచ్చి నన్ను నిలదీసింది. "పొడి పడతుందా లేదా?" పడుతోందన్నాను. "రెండు పూటలా?" రెండు పూటలా అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, "మరి ఇట్టెందుకయ్యింది?" అంది. అత్త గుమ్మంలో నిలబడి వింటోంది. బావ ఎడ్లకు నీళ్ళు పెడుతూ వింటున్నాడు.

చివరి శుక్రవారం వచ్చింది. పొద్దుటి నుంచే గాలి తేడాగా ఉంది. పాలెం వాళ్ళు పడవలు పైకి లాగేశారని కూలీలు చెప్పుకుంటున్నారు. సముద్రం హోరు ఆగకుండా వినిపిస్తోంది. సగం నాటిన మొలగొలుకుల వరిమడి, సగం పీకిన నారు. అయినా దీపాలు పెట్టే వేళకు జనమంతా పంచాయితీ వసారాలో కిక్కిరిసి నిలబడ్డారు, కంబళ్ళు కప్పుకుని. అక్క జ్వరంలో ఉంది. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి కాలిపోతోంది.

"ఈ గాలికి నాకేం ఇనపడదు. నువ్వు పోయి ఇను. ఇని, ఏమయిందో నాకు చెప్పు."

"ఇప్పుడెందుకక్కా అది?"

"పోవే."

పోయి విన్నాను. తిరిగి వచ్చేసరికి అత్త గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏమయింది?"

"ఆ చెల్లెలే చంపేసింది అత్తా."

అత్త ఒక క్షణం ఆలోచించింది. "కామాక్షికి అట్టా చెప్పబాక. చెల్లెలు మంచిదేనని తేలిందని చెప్పు. నేనూ అదే చెప్తా, మీ బావ చేత గూడా చెప్పిస్తా. అప్పుడన్నా దాని మనసు కుదుటపడతది."

అత్త చెప్పింది బాగానే ఉందనిపించింది. అక్క నిద్రపోతోంది. నేను గడప దగ్గర చాప వేసుకుని పడుకున్నాను.

తెల్లారాక పాలు కాచి, మందు పొడి కలిపి తీసుకుపోయాను. అక్క దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. జ్వరం కాస్త తగ్గినట్టుంది, కళ్ళు తేటగా ఉన్నాయి.

"ఏమయిందే నాటకం?"

నోటి దాకా వచ్చింది, అత్త చెప్పమన్న మాట. అక్క ముఖం చూశాను. చిన్నప్పుడు నాకు జడ వేసిన మనిషి, నేను తప్పిపోతే తిరునాళ్ళంతా వెతికిన మనిషి. ఈమెకు నేను ఇంకొక అబద్ధం చెప్పలేననిపించింది. ఏమైతే అదైందిలే అనుకున్నాను.

"ఆమే చంపిందక్కా. పాలల్లోనే. జమీందారిణి చచ్చిపోయినాక ఆ చెల్లెలే మేడకి దొరసాని అయింది. చివరికి ఆమె ఒక్కతే కుర్చీలో కూచోనుంటే ఎవురో మెట్లెక్కి పాలు తెస్తారు. చెంచా చప్పుడు ఇనపడతది. ఆడికి నాటకం అయిపోయింది."

బయట గాలికి కొబ్బరి మట్టలు రాలిన చప్పుడు.

"తెల్లారగట్ల మా అత్త వచ్చి చెప్పింది, చెల్లెలు మంచిదని తేలిందని," అంది. "మీ బావ పలుపు తాడు కోసం వచ్చి ఆయనా అదే చెప్పినాడు. ఇద్దరిదీ ఒకే మాట. నువ్వేం చెప్తావా అని చూస్తుండా."

నేను గ్లాసు కింద పెట్టి వంటింట్లోకి పోయాను. మందు డబ్బా తెచ్చి అక్క ఒళ్ళో పెట్టి మూత తీశాను.

"నా పాలల్లో గూడా ఉండాది. ఇదిగో ఇదే. నీది నీరసం కాదక్కా, టీబీ. ఇది దానికి మందు. నీకు చెప్పొద్దన్నారు."

అక్క వేలితో పొడి అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఇదే చేదు," అంది. తర్వాత నెమ్మదిగా, "ముందే చెప్పుంటే తాగుండేదాన్ని గదే," అంది.

"తాగతానే ఉండావు గదా?"

అక్క కిటికీ కేసి తల తిప్పింది. రెక్క తీసి బయటికి వంగి చూశాను. చూరు కింద, మట్టిగోడ మీద పై నుంచి కింద దాకా తెల్లటి చార. దాని పక్కన చీమల బారు. ఆరినాక తాగతా అన్న పాలన్నీ అక్కడున్నాయి.

నేను మంచం పట్టె మీద కూలబడి ఏడ్చాను. అక్క నా తల నిమిరింది. చాలా రోజుల తర్వాత నన్ను ముట్టుకుంది.

"ఏడవబాక. ఆ పాలిట్టియ్యి. పొడి అడుగున పేరుకోనుంటది, చెంచా తెచ్చి తిప్పు."

"చెంచా వద్దులే అక్కా."

"తిప్పవే. చప్పుడైతే కానీ."

చెంచాతో తిప్పి ఇచ్చాను. ముందు నువ్వు తాగు అనలేదు. నా కళ్ళలోకి చూస్తూ చుక్క మిగల్చకుండా తాగింది. మొహం చిట్లించలేదు కూడా.

ఆ సాయంత్రమే గాలివాన విరుచుకుపడింది. చెట్లు, గడ్డివాములు, పంచాయితీ హారను, అన్నీ ఎగిరిపోయాయి. దారులు తెగిపోయి రెబెక్కమ్మ రాలేకపోయింది. డబ్బాలో ఉన్న పొడి ఉన్నన్నాళ్ళూ అక్క తనే అడిగి తాగింది, తర్వాత అదీ అయిపోయింది. నీళ్ళు తీసి దారి కనబడ్డాక రెబెక్కమ్మ మోకాలి లోతు బురదలో నడిచొచ్చింది. అక్కను చూసి సూది పెట్టె తెరవకుండానే పక్కన కూర్చుంది. అప్పటికే అక్కకు దగ్గులో రెండుసార్లు నెత్తురు పడింది.

పోయే ముందురోజు అక్క నన్ను దగ్గరికి పిలిచింది. గొంతు సరిగా రావడం లేదు.

"నిన్నిక్కడే ఉంచేస్తారు. నాకు తెలుసు. ఒప్పుకోబాక అందామని ఉండాది. శేషుని చూస్తే ఒప్పుకో అందామని ఉండాది. నీ ఇష్టం పాపా."

మర్నాడు పొద్దెక్కేసరికి పోయింది.

శవానికి నీళ్ళు పోసేటప్పుడే ఆడవాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఎంత సన్నగా అన్నా నాకు వినబడింది. "అచ్చం రేడియోలో మాదిరే ఉండాదే." జబ్బు ఏమిటో ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియనియ్యలేదు కదా. కళ్ళముందు కోలుకుని కిటికీలో కూర్చుని పలకరించిన మనిషి మళ్ళీ పడిపోయి చచ్చిపోయింది, చెల్లెలు పాలు ఇస్తూ ఉంది. వాళ్ళకు తెలిసింది అంతే.

పెద్దకర్మ కాగానే నేను అత్త దగ్గర కూర్చుని బతిమాలాను.

"ఇప్పుడన్నా చెప్పు అత్తా, టీబీ అని. ఊరు నన్నంటుండాది."

"చెప్తే రేపు శేషుకి సంబంధం ఎవురిస్తారే? తల్లికుండిన జబ్బు బిడ్డకి రాదా అంటారు. నాలుగు రోజులు అనుకోని వాళ్ళే మానుకుంటారు." అత్త కూడా ఏడుస్తూనే చెప్పింది. ఆమె ఏడుపు నిజమే.

ఊరు అనుకోవడం సంగతి అట్లా ఉంచితే, బావకు జబ్బు తెలుసు, మందు తెలుసు. బావ నమ్ముతాడులే అనుకున్నాను. గాలివానకు విరిగిన చూరు బాగుచేయిస్తూ ఆయన అక్క కిటికీ కింద ఆగిపోయాడు. నేను శేషుకు అన్నం పెడుతున్నాను.

"రెండు పూటలా ఇచ్చినా అన్నావు రెబెక్కమ్మతో," అన్నాడు. "ఈ తెల్ల చారేంది?"

"అక్క పారపోసింది బావా. నాకు చివర్లో తెలిసింది."

"ఊఁ," అన్నాడు. గోడ మీద చార గోటితో గీకి వాసన చూసి, వేళ్ళు పంచెకు తుడుచుకున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పారపోసింది ఎవరో చెప్పడానికి అక్క లేదు. ఎత్తి తిడితే ఎదురు చెప్పుకునేదాన్ని. ఆయన తిట్టనూ లేదు.

మాఘమాసంలో పెద్దగా ఎవరినీ పిలవకుండా నన్ను బావకిచ్చి చేశారు. నా ఇష్టమని అక్క ఒక్కతే అంది, మిగతావాళ్ళెవరూ ఆ మాట తేలేదు. శేషు నా కొంగు వదలడం లేదు, నేనూ తల వంచాను. మా వైపు రెండో పెళ్ళామై వచ్చినామె చనిపోయిన మొదటి భార్య పేర చిన్న బంగారు బిళ్ళ చేయించి, తాళితో పాటు మెళ్ళో కట్టుకుంటుంది. లేకపోతే ఆమె పీడిస్తుందంటారు. అత్త అక్క ముక్కుపుడకనే కరిగించి చేయించింది. నన్ను అక్క ఎందుకు పీడిస్తుంది అనుకుంటూనే కట్టుకున్నాను.

వీధివైపు గదికే సున్నం కొట్టించి, అక్క మంచం కాల్చేసి కొత్త మంచం వేశారు. ఆ సాయంత్రం అత్త పాలు కాచి గాజుగ్లాసులో పోసి, చక్కెర వేసి చెంచాతో తిప్పింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ చప్పుడు గదిలో కూర్చున్న బావకూ వినిపించే ఉంటుంది. అత్త చప్పున తిప్పడం ఆపేసి, గ్లాసు నా చేతికిచ్చి మొహం తిప్పుకుంది.

పెళ్ళికొడుకు సగం తాగి మిగతా సగం పెళ్ళికూతురికి ఇవ్వడం ఆచారం. ఎవరికైనా అంతే. నేను లోపలికి పోయి గ్లాసు చాచాను. వంగినప్పుడు అక్క బిళ్ళ ఊగి గ్లాసు అంచుకు తగిలింది. బావ చెయ్యి చాచలేదు. గ్లాసు వంక చూశాడు, తర్వాత కిటికీ వంక చూశాడు.

"ముందు నువ్వు తాగు," అన్నాడు.

అక్క ఈ మాట అన్నప్పుడు ఏడ్చాను. ఈసారి ఏడుపు రాలేదు. నిలబడే తాగాను, సగం కాదు, మొత్తం. పాలు తియ్యగా ఉన్నాయి. ఖాళీ గ్లాసు కిటికీలో బోర్లించి పెట్టాను.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా చేతి నుంచి పాలు తీసుకోలేదు, నేనూ ఇవ్వలేదు. మిగతా కాపురమంతా అందరిలాగే చేశాం. శేషుకు మాత్రం పెళ్ళయి పోయేదాకా రోజూ సాయంత్రం నేనే పాలిచ్చేదాన్ని, వీధిలోకి వినబడేలా చెంచాతో తిప్పి. చప్పుడైతే కానీ అని వాళ్ళమ్మే చెప్పింది.